ఈలన్న తల్లి

ప్రియమైన విలేకరి గారికి, అనగా మా అమ్మడికి,

ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికీ తెలియజేయడమేమనగా, ఈ ఇంటి సర్వాధికారిణి అయిన మీ పిన్ని గారు హాల్లోని గోడ గడియారాన్ని పదవి నుంచి తొలగించారు. నమ్మకంగా వేలాడుతూనే వెనకబడి ఇంటిల్లిపాదినీ మోసం చేసిందన్నది అభియోగం. కొత్త గడియారం పదవి చేపట్టేవరకూ పక్కింటి కుక్క అరుపే అధికారిక సమయంగా చెల్లుతుంది. నా ఎడమకాలి చెప్పు అదృశ్యంపై విచారణ సంఘం వేయబడినది. అందులో అధ్యక్షుణ్ణీ నేనే, ముద్దాయినీ నేనే. నా మీసానికి రంగు వేయించాలన్న తీర్మానం ఓడిపోయింది. అనుకూలంగా నా ఓటు, వ్యతిరేకంగా మీ పిన్ని చూపు.

ఫోన్ చేయొచ్చుగా, ఈ ఉత్తరాలేంటి అంటావు. ఫోన్లో అయితే నువ్వు "సరే బాబాయ్, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. చదువు.

మా లాండ్రీలో ప్రమాదం జరిగిన రోజు పిన్నికి ఫోన్ చేసి "బాబాయ్ బాగానే ఉన్నాడా" అని అడిగావట. బాగానే ఉన్నానమ్మా. ఆ రోజు బాగాలేనివాడు ఈలన్న.

ఈలన్న గురించి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. బాయిలర్ గది అతనిది. పొద్దున వచ్చిన దగ్గర్నుంచి ఇంటికెళ్లేదాకా ఈల వేస్తూనే ఉండేవాడు. ఆ ఈలకి రాగమూ లేదు, తాళమూ లేదు, సిగ్గూ లేదు. నేనో రోజు "ఈల వేయువారికి జీతం కోత, ఇట్లు మేనేజరు" అని రాసి బాయిలర్ గది తలుపుకి అంటించాను. పాపం నమ్మేశాడు. ఈల ఆగిపోయేసరికి దుప్పట్లు మడతపెట్టే హాల్లోంచి ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు, "ఏమైంది, ఒంట్లో బాగాలేదా" అని. ఆ చప్పుడు ఉంటే లాండ్రీ నడుస్తున్నట్టు లెక్క. ఆగితే అందరం తలెత్తుతాం.

ఆవిరి గొట్టం పగిలి పోయాడు. మీ పేపర్లో వేశారు. "కార్మికుడి అజాగ్రత్తే ప్రమాదానికి కారణమని యాజమాన్యం తెలిపింది. ఆసుపత్రులకు దుప్పట్ల సరఫరాలో ఎలాంటి అంతరాయమూ ఉండదని మేనేజర్ హామీ ఇచ్చారు." మనిషి పోతే దుప్పట్లకి ధైర్యం చెప్పిన పేపరు మీదే!

అజాగ్రత్తా? బాయిలర్‌కి సేఫ్టీ వాల్వు అని ఒక మూత ఉంటుంది. లోపల ఆవిరి హద్దు దాటితే తనంతట తానే తెరుచుకుని బుస్సుమని వదిలేస్తుంది. అది తెరుచుకుంటే ఇస్త్రీ రోలర్లు చల్లబడతాయి, పని ఆగుతుంది. అందుకని దాన్ని తెరుచుకోకుండా ఇనుప వైరుతో బిగించి కట్టేశారు. ఈలన్న తీసేసేవాడు. వీళ్లు మళ్లీ కట్టేవాళ్లు. లాండ్రీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, పేపర్లో తెలిసినవాళ్లు లేరు.

ఆ వార్త రాసినవాడి పెన్నులో సిరా గడ్డకట్ట. వాడు కూర్చునే కుర్చీ కాలు విరగ. వాడి దిండు నిండా నల్లులు చేర.

నువ్వు ఆ ఆఫీసులోనే ఉన్నావుగా. ఆ ఒక్క మాట తీయించు. ఇంకేం అడగను.

ఇట్లు,
మాసిన బట్టలు విడదీసే బల్లకి ఆస్థాన విదూషకుడు,
మీ బాబాయ్

*

ప్రియమైన బాబాయ్‌కి,

ఆ వార్త రాసింది నేనే.

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పి చదివాను. చదివాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. దాని కాలు నిజంగానే కొంచెం వదులుగా ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం పోలీసుల దగ్గర్నుంచి కబురు వచ్చింది. లాండ్రీ అనగానే పిన్నికి ఫోన్ చేశాను. నీకేం కాలేదని తెలిసింది. హమ్మయ్య అనుకుని, మంచినీళ్లు తాగి, కూర్చుని ఆ నాలుగు వాక్యాలూ రాశాను. పోయింది ఎవరని అడగాలని కూడా తోచలేదు. నువ్వు కాదు కదా, అది చాలనుకున్నాను. "ఒక కార్మికుడు" అని రాశాను.

"అజాగ్రత్త" అని రాయమని ఎవరూ చెప్పలేదు బాబాయ్. చెప్పి ఉంటే బాగుండేది, వాళ్లమీద కోపం తెచ్చుకునేదాన్ని. చేరిన కొత్తలో ఒక గోడ కూలిన వార్త రాశాను. కూలివాళ్లు చెప్పింది పైన, కాంట్రాక్టరు చెప్పింది కింద పెట్టాను. తెల్లారి చూస్తే అది తలకిందులై వచ్చింది. ఎవరూ తిట్టలేదు. తర్వాత ఇంకోటి అలాగే రాశాను, అది లోపలి పేజీలో ఓ మూల ఇరుక్కుంది. అప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు పాత పేపర్లు తిరగేశాను, ప్రమాదం వార్త ఇక్కడ ఎలా రాస్తారో చూద్దామని. అన్నిట్లోనూ అదే వరుస. ముందు యాజమాన్యం, తర్వాత పోలీసులు, అజాగ్రత్త, ఆపైన భరోసా. మూడోసారి ఆ వరుసలో రాసిచ్చాను. మా చీఫ్ రిపోర్టర్ నా బల్ల పక్కనుంచి వెళ్తూ వేలితో రెండుసార్లు తట్టి "బాగుంది" అన్నారు. ఆ రోజు అమ్మానాన్నలకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

ఆ వేలి సంగతి నీకు చెప్పాలి. మా హాల్లో ఒక తెల్లబోర్డు ఉంటుంది. పొద్దున్నే రిపోర్టర్లందరం ఆ రోజు ఏం రాయబోతున్నామో ఒక్కో లైను అందులో రాస్తాం. చీఫ్ వచ్చి చదువుతారు. వద్దనుకున్న లైన్ని చూపుడువేలితో తుడిచేస్తారు. డస్టరు పక్కనే ఉంటుంది, ముట్టుకోరు. ఎందుకు తుడిచారో చెప్పరు, మనం అడగం. ఆయన వేలి చివర ఎప్పుడూ నల్లగా ఉంటుంది.

ఆ మాట తీయించమన్నావు. ఈ పొద్దున డెస్కులో అడిగాను. సవరణ వేయాలంటే పోయినవాళ్ల కుటుంబంలోంచి ఎవరో ఒకరు అడగాలట. స్నేహితులూ తోటి పనివాళ్లూ అడిగితే వేయరట. అది పద్ధతి అన్నారు.

ఈలన్నకి ఎవరైనా ఉన్నారా బాబాయ్?

నీ,
అమ్మడు

*

ప్రియమైన అమ్మడూ,

పోయిన ఉత్తరంలోని శాపాలన్నీ ఇందుమూలంగా రద్దు చేయడమైనది. కుర్చీ కాలుకి మేకు కొట్టించుకో. నల్లుల విషయంలో నా చేతిలో ఏమీ లేదు, బయల్దేరిపోయి ఉంటే తలుపేసుకో.

నీమీద కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఉత్తరం చదివి పిన్నికిచ్చాను. ఆవిడ చదివి, "పిల్ల చెప్పుకుంది. నీలాంటివాడైతే మళ్లీ ఒక జోకేసి తప్పించుకునేవాడు" అంది. ఈ ఇంట్లో నాకు జరిగే సన్మానాలు ఇలా ఉంటాయి.

ఎవరైనా ఉన్నారా అని అడిగావు. ఉంది. తల్లి ఉంది.

టైలరు షాపు వెనక మెట్లెక్కితే ఒక చిన్న గది. అక్కడ ఉంటుంది. పెద్దావిడ, చూపు సరిగ్గా ఆనదు. ఆ వార్త వచ్చిన పేపరు ముక్కని కత్తిరించి దిండు కింద పెట్టుకుంది. పొద్దున నేను పనికెళ్తూ ఆగితే చాలు, "నాయనా, మావాడి గురించి ఏం రాశారో ఇంకోసారి చదివి పెట్టు" అంటుంది. ఏం చదవను చెప్పు? బడికీ నాకూ ఏడో తరగతిలోనే పడక విడిపోయాం, అయినా ఆ రోజు నేను చదివిన చదువు ఏ పండితుడూ చదివి ఉండడు. "ఎంతో జాగ్రత్తపరుడైన కార్మికుడు" అని చదివాను. "తోటివారి కోసం ప్రాణం ఇచ్చాడు" అని చదివాను. దుప్పట్ల వాక్యం దగ్గరికొచ్చేసరికి "ఊరంతా కన్నీరు పెట్టింది" అనేశాను.

ఆవిడ చెయ్యి ఆ కాగితం మీద పెట్టి, "ఇక్కడేనా ఆ మాట ఉంది?" అని తడుముతుంది. నేను ఆవిడ వేలు పట్టుకుని సరిగ్గా "అజాగ్రత్త" మీద పెట్టి "ఆ, ఇక్కడే" అంటాను.

ఇప్పుడేమో ఎదురింటావిడ చేత కూడా చదివించుకుంటానంటోంది. నా చదువు చాలడం లేదట, గొంతు బొంగురుగా ఉందట. ఎదురింటావిడకి కళ్లు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అప్పుడు నా గతేం కావాలి, ఆ తల్లి గతేం కావాలి?

ఆవిడ అడుగుతోంది అనుకో. ఆవిడ తరఫున నేను రాస్తున్నాననుకో. కుటుంబం దొరికింది కదా, సవరణ వేయించు.

ఇట్లు,
తప్పుడు పఠనంలో తిరుగులేని,
మీ బాబాయ్

*

ప్రియమైన బాబాయ్‌కి,

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ ఆవిడ వేలు నా కళ్లముందే ఉంది. నేను రాసిన మాట మీద ఆవిడ వేలు.

మర్నాడే బోర్డు మీద రాశాను, "లాండ్రీ ప్రమాదం: సేఫ్టీ వాల్వుకు వైరు" అని. చీఫ్ వచ్చి చదివి తుడిచేశారు. వెళ్లిపోతుంటే వెనకాలే వెళ్లి అడిగాను. హాల్లో అందరూ తలలు దించుకుని పని చేసుకుంటున్నట్టు కూర్చున్నారు.

"సార్, అతని తల్లి సవరణ అడుగుతోంది" అన్నాను.

ఆయన ఆగారు. "తల్లి ఉందా?"

"ఉందట సార్."

"ఒక్కడే కొడుకా?"

"అలాగే అనుకుంటా సార్. చూపు ఆనదట. పేపరు ముక్క దిండు కింద పెట్టుకుందట."

ఆయన మొహం వెలిగింది బాబాయ్. చెడ్డగా కాదు, నిజంగానే కదిలిపోయారు. "చాలా బాగుంది. ఆదివారం పేజీకి రాయి. ఫోటో తీయించు, దిండూ కాగితమూ పడాలి. మొదటి పేజీలో చిన్న ముక్క వేసి లోపలికి తీసుకెళ్దాం" అన్నారు.

"మరి వైరు సంగతి?"

"ఈ వైరు గొడవ మధ్యలో ఎందుకు? చదివేవాళ్ల మనసు చెదిరిపోతుంది. అయినా అదెవరన్నారు, పేరు పెట్టి అన్నారా?"

"అందరికీ తెలుసట సార్."

"అందరూ అంటే ఎవరూ కాదు. ఏడుపుకి సాక్ష్యం అక్కర్లేదమ్మా, ఆరోపణకి కావాలి."

నా పక్క బల్ల దగ్గర ఒక అక్క ఉంటుంది, మా అందరికన్నా సీనియర్. నన్ను టీకి తీసుకెళ్లింది. "నీ వయసులో నా లైన్లు రోజూ తుడిచేవారు. ఇప్పుడు ఒక్కటీ తుడవరు తెలుసా? ఏవి తుడుస్తారో నాకు ముందే తెలుసు, అవి రాయను. అందరి ముందూ మెచ్చుకుంటారు, ఈవిడ లైను చూడక్కర్లేదు అని" అంది. నవ్వుతూనే అంది. కప్పు మాత్రం చాలాసేపు తిప్పుతూ కూర్చుంది, తాగలేదు.

ఆవిడని చూడాలి బాబాయ్. వచ్చేవారం సెలవు పెట్టి వస్తాను. ఆ టైలరు షాపు ఎక్కడో సరిగ్గా చెప్పు. వైరు గురించి పేరు పెట్టి చెప్పేవాళ్లు ఒక్కరున్నా చాలు, అది కూడా చూడు.

నీ,
అమ్మడు

*

ప్రియమైన అమ్మడూ,

రావద్దు. అంటే, రా, ఇది నీ ఇల్లు, కానీ ఆవిడ కోసం రావద్దు. ఆవిడ వాళ్ల చెల్లెలి దగ్గరికి వెళ్లింది. ఎక్కడో దూరం, బస్సు దిగి మళ్లీ నడవాలట. ఎప్పుడొస్తుందో తెలీదు. ఫోటోలంటే ఆవిడకి గిట్టవు. చిన్నప్పుడెవరో తీసి ఇవ్వలేదట, అప్పట్నుంచీ పగ.

ఆవిడ మాటలు నేను రాసి పంపుతున్నాను, అవే వేసెయ్. "నా బిడ్డ చేతులు ఎప్పుడూ కాలి ఉండేవి. ఆ చేతుల్ని అజాగ్రత్త అన్నవాళ్లు ఒకసారి వచ్చి నా చేతులు పట్టుకుని ఆ మాట అనమనండి." ఎలా ఉంది? చదివేవాళ్లు కళ్లు తుడుచుకోవాలి కదూ? నేను రాస్తుంటే నాకే వచ్చాయి. అంటే, ఆవిడ చెబుతుంటే.

వైరు గురించి పేరు పెట్టి చెప్పేవాళ్లంటావా. మడత హాల్లో అడిగాను. ఒకామె "నేను ఆ వైపే చూడనన్నా" అంది. రోలర్ అతను "నాకు వైరుకీ తాడుకీ తేడా తెలీదు" అన్నాడు. మరి నువ్వో అంటావు. నేనెవర్ని, మాసిన చొక్కాల జేబులు వెతికేవాణ్ణి. నా మాటకి మీ పిన్నే విలువివ్వదు, మీ చీఫ్ ఇస్తాడా? నా పళ్లు రెండు ఊగుతున్నాయి, ఉద్యోగం కూడా ఊగితే బాగుండదు.

తల్లి మాటలు చాల్లే. వేసెయ్.

ఇట్లు,
బాబాయ్

*

ప్రియమైన బాబాయ్‌కి,

ఆదివారం పేజీకి ఇవ్వనని చెప్పేశాను.

కోపగించుకోకు. నువ్వు పంపిన మాటలు నా బల్ల మీద పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో. అవి వేస్తే ఊరంతా చదువుతుంది, నిజమే. కానీ నేను ఆవిడని చూడలేదు. గొంతు వినలేదు. ఆ రోజు ఆ నాలుగు వాక్యాలూ కూడా ఇలాగే రాశాను, ఎవరినీ చూడకుండా, ఎవరో చెప్పింది బాగా అమరింది కదా అని. అప్పుడు మేనేజరు చెప్పింది అమరింది, ఇప్పుడు నువ్వు చెప్పింది అమరుతోంది. మళ్లీ అదే పని చేయలేను. నీకోసం కూడా చేయలేను.

చీఫ్ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నన్ను వాతావరణం, మార్కెట్ ధరల పేజీకి మార్చారు. ఎండలూ ఉల్లిపాయలూ చూసుకుంటున్నాను. బోర్డు మీద రాసే హక్కు మాత్రం ఇంకా ఉంది. రోజూ ఆ లైను రాస్తున్నాను. రోజూ తుడుస్తున్నారు.

ఒక్కటి అడుగుతాను. నీ మొదటి ఉత్తరంలో వాల్వు గురించి రాశావు. అది విన్నవాడు రాసినట్టు లేదు, చూసినవాడు రాసినట్టుంది. నువ్వు చూశావు కదూ? నువ్వు చెప్తే నేను రాస్తాను, నీ పేరుతో. వేస్తారో లేదో మాట ఇవ్వలేను. వద్దంటే ఎప్పటికీ అడగను, నీ గడియారం గురించీ చెప్పు గురించీ మాట్లాడుకుందాం.

నీ,
అమ్మడు

*

ప్రియమైన అమ్మడూ,

ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికీ తెలియజేయడమేమనగా,

ఆవిరి లాండ్రీలో మాసిన బట్టలు విడదీసే బల్ల దగ్గర పనిచేసే నేను, నా కళ్లతో చూసినది ఇది.

ప్రమాదానికి ముందు రోజు ఫోర్‌మన్ నిచ్చెన ఎక్కి బాయిలర్ మీది సేఫ్టీ వాల్వుకి ఇనుప వైరు చుట్టాడు. నా బల్ల దగ్గర్నుంచి ఆ నిచ్చెన కనిపిస్తుంది. "బట్టలు ఆరేయడానికా సార్?" అని జోకేశాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆసుపత్రి దుప్పట్లు ఆలస్యమవుతున్నాయి, వాల్వు తెరుచుకోకూడదు అని మేనేజరు అంతకుముందే కేకలేయడం హాల్లో అందరూ విన్నారు, నేనూ విన్నాను. అంతకుముందు రెండుసార్లు ఈలన్న ఆ వైరు కత్తిరించి తీసుకొచ్చి నా బల్ల మీద పడేశాడు, "జేబుల్లో దొరికినవాటితో పెట్టు" అని. అవి ఇంకా ఉన్నాయి.

ఆ రోజు పొద్దున ఈలన్న ఈల వేసుకుంటూ నిచ్చెన దగ్గరికి వెళ్లడం చూశాను. ఈల ఆగింది. తలెత్తాను. అప్పుడే గొట్టం అతుకు దగ్గర పగిలింది. మేం లోపలికి వెళ్లగలిగేసరికి అయిపోయింది. అతని కుడిచేతిలో కటింగ్ ప్లయర్ ఉంది. వేళ్లు విప్పి తీయాల్సి వచ్చింది.

అజాగ్రత్తపరుడు ప్లయర్ పట్టుకుని నిచ్చెన ఎక్కుతాడా?

ఇదే మాటని వేరే కాగితం మీద రాసి, అసలు పేరుతో సంతకం చేసి, ఇందులో పెడుతున్నాను. పిన్ని పక్కనే నిలబడి చూసింది. సంతకంలో ఒక గీత వంకరపోతే "మళ్లీ పెట్టు, అనుమానం రాకూడదు" అని కొత్త కాగితం ఇచ్చింది.

జోకులేవీ రావడం లేదమ్మడూ. ఈసారికి క్షమించు.

బాబాయ్

*

ప్రియమైన బాబాయ్‌కి,

వచ్చింది.

లోపలి పేజీలో, కింద, పెద్ద ప్రకటన పక్కన ఇరుక్కుని. "లాండ్రీ ప్రమాదంపై ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం." వైరు ఉంది, ఫోర్‌మన్ ఉన్నాడు, ప్లయర్ ఉంది. బాయిలర్ల తనిఖీ అధికారిని కూడా అడిగాను, నీ వాంగ్మూలం మీద విచారణకి వస్తామన్నారు, అదీ ఉంది. యాజమాన్యం జవాబు కింద ఉంది, ఈసారి అది కిందే ఉంది. చివర, "మృతుడి అజాగ్రత్తే కారణమని గతంలో ప్రచురితమైన వార్త యాజమాన్యం మాటను మాత్రమే ఆధారం చేసుకున్నది" అని ఒక వాక్యం. అది నేనే రాశాను. చాలాసార్లు కొట్టేసి రాశాను.

ఎలా వచ్చిందో చెప్పాలి. నీ కాగితం వచ్చిన రోజు బోర్డు మీద మళ్లీ అదే లైను రాశాను, పక్కన "సాక్షి, పేరుతో" అని. చీఫ్ తుడిచారు. నేను మళ్లీ రాసి నా చోటికి వెళ్లి కూర్చున్నాను. మళ్లీ తుడిచారు. అప్పుడు సీనియర్ అక్క లేచింది. మార్కర్ తీసుకుని అదే లైను తన చేత్తో రాసింది. రాసి, మూత పెట్టి, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చుంది. చీఫ్ ఆ చేతిరాత చాలాసేపు చూశారు. వేలు పైకెత్తారు, దించేశారు. ఎందుకు తుడవలేదో చెప్పలేదు. తుడిచినప్పుడూ చెప్పలేదుగా.

నేనింకా ఉల్లిపాయల పేజీలోనే ఉన్నాను. అక్క లైను నిన్న ఒకటి తుడిచారట. "చాలా ఏళ్లయింది" అని నవ్వింది. ఈసారి టీ తాగింది.

పేపరు రెండు కాపీలు దాచాను. ఒకటి నీకు, ఒకటి ఈలన్న వాళ్లమ్మకి. ఆవిడ తిరిగొచ్చే ఉంటుంది కదా? ఆదివారం వస్తున్నాను. ఈసారి నువ్వు చదవొద్దు బాబాయ్. ఆవిడ దిండు కిందిది తీసేసి, ఇది నేనే చదివి వినిపిస్తాను. ఉన్నది ఉన్నట్టు. ఆ పాత వార్త రాసింది నేనేనని కూడా చెప్పుకోవాలి.

నీ,
అమ్మడు

*

ప్రియమైన అమ్మడూ,

ఆదివారం రా. పిన్ని అప్పుడే పక్క దుప్పటి మార్చేసింది, ఇస్త్రీ నాది.

ఇక్కడి కబుర్లు. నన్ను బల్ల దగ్గర్నుంచి తీసి తడిబట్టలు మోసే వైపు వేశారు. నడుం పట్టేసింది, నోరు ఇంకా పట్టెయ్యలేదు. తనిఖీ వాళ్లు వచ్చారు. జేబుల్లో దొరికినవి వేసే డబ్బాలోంచి ఆ రెండు వైరు ముక్కలూ తీసి వాళ్ల చేతికిచ్చాను. వాల్వుకి ఇప్పుడు వైరు లేదు. రోజుకోసారైనా తెరుచుకుని బుస్సుమంటుంది. రోలర్లు చల్లబడతాయి, దుప్పట్లు ఆలస్యమవుతాయి. ఎవరూ కిక్కురుమనరు. అది బుస్సుమన్నప్పుడల్లా అందరం తలెత్తుతాం. ఆ వైపే చూడనన్న ఆమె కూడా.

నీ వార్త మడత హాల్లో గోడకి అంటించారు. ఎవరంటించారో తెలీదు, ఈసారి మాత్రం నేను కాదు.

ఆదివారం నువ్వొచ్చాక ఒకచోటికి తీసుకెళ్లమని మాత్రం అడక్కు. టైలరు షాపు వెనక మెట్లు ఉన్నాయి. ఎక్కితే గది కూడా ఉంది. అందులో చింకిగుడ్డల మూటలు తప్ప ఏమీ లేవు.

కుటుంబంలోంచి ఎవరో ఒకరు అడగాలి అని రాశావు చూడు, ఆ రాత చూసి లాండ్రీ అంతా కళ్లతో ఒకసారి వెతికాను. ఈలన్నకి ఎవరూ లేరు. అతని సామాను ఎవరికివ్వాలని మేనేజరు అడిగితే అందరం నేలచూపులు చూశాం. అడగాల్సినవాళ్లం మేమే, మాలో ఎవరం అడగలేదు. నా పేరు పెట్టి అడుగుదామంటే భయమేసింది. భయం అని ఒప్పుకోవడానికి ఇంకా భయమేసింది. అందుకని ఒక ముసలావిడని పుట్టించి, చూపు తీసేసి, నీ ముందు నిలబెట్టాను. ఏడుపుకి సాక్ష్యం అక్కర్లేదని మీ చీఫ్ అన్నాడని నువ్వు రాసినప్పుడు, ఈ మనిషికి నా గురించి ఎలా తెలిసిందా అనిపించింది.

నువ్వు ఆవిడని పేపర్లోకి రానిచ్చి ఉంటే నేను జీవితాంతం నిన్ను చూసి నవ్వుకునేవాణ్ణి. రానివ్వలేదు. నిచ్చెన దగ్గరికి నన్నే రప్పించావు.

రెండో కాపీ కూడా పట్టుకురా, అది నేనే తీసుకుంటాను. ఆ పేపరు ముక్కని కత్తిరించి దిండు కింద పెట్టుకున్నదీ, పొద్దున్నే తీసి ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి చూసుకున్నదీ, మీసాలున్న నేనే. వైరు నిజం, నిచ్చెన నిజం, ప్లయర్ నిజం, ఈల నిజం. ఆ తల్లి మాత్రం పూర్తిగా నా కల్పన.

ఇట్లు,
అసలు పేరుతో సంతకం చేయడం ఈమధ్యే నేర్చుకున్న,
మీ బాబాయ్